మన్యములో పని, మన్యములో ఆరోగ్యము

విశాఖపట్టణమునకు పడమటి దిక్కున తూర్పు కనుమలు పైకి లేచి, ఒడిశా సరిహద్దు దాటువరకు కొండలుగాను, లోయలుగాను వ్యాపించియున్నవి. ఈ ప్రదేశమును తెలుగువారు తరతరములుగా మన్యమని పిలుచుచున్నారు. 1839వ సంవత్సరపు చట్టము ననుసరించి ఆనాటి ప్రభుత్వము ఈ కొండలను సాధారణ పరిపాలన నుండి వేరుచేసి, జిల్లా కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి పాలించెను. అందువలన కలిగిన ఏజెన్సీ అను పేరు నేటికిని వాడుకలో నున్నది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. 2011 జనాభా లెక్కల ప్రకారము పాడేరు ప్రాంతపు 11 మండలములలో సుమారు 6 లక్షలమంది నివసించుచుండిరి. బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జ, ఖోందు, గదబ, నూకదొర మొదలగు తెగలవారు వీరిలో అధికసంఖ్యాకులు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. లంబసింగి వద్ద శీతకాలపు వేకువలలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరికి దిగుట కలదు. పల్లెలు చిన్నవి, ఒక్కొక్కటి ఒక్కొక్క కొండ వాలున, ఊట నీరు దొరకు చోట వెలసినది. మైదానమున దూరమును కిలోమీటర్లలో చెప్పుదురు. ఇచ్చట ఫలాని ఊరు ఎంత దూరమని అడిగినచో, ఎన్ని కొండలు ఎక్కి దిగవలెనో, ఎన్ని గెడ్డలు దాటవలెనో చెప్పుదురు. వానకాలమున గెడ్డ పొంగినచో ఆ దూరము రెట్టింపగును; ఒక్కొక్కప్పుడు దారియే యుండదు.

మన్యములో ఆరోగ్యమునకు సంబంధించిన ప్రశ్నలన్నియు ఈ దూరముతో ముడిపడియున్నవి. ఇచ్చట ప్రాణము తీయు వ్యాధులలో పెక్కింటికి మందు కలదు. ఆ మందునకును రోగి ఇంటికిని మధ్యనున్న దారియే ప్రమాదకరమైనది. ఆ దారిని రెండు వైపులనుండి తగ్గింపవచ్చును: వైద్యసేవ కొండ ఎక్కి రావలెను, కుటుంబము ఒక్క దినమైనను ఆలస్యము చేయక ఆ సేవను కోరవలెను.

ఏడాది పొడవున పని

మన్యపు రైతునకు విశ్రాంతి మాసములు మిక్కిలి తక్కువ. తొలకరితో కొండవాలున సామలు, చోళ్లు, కొర్రలు, కందులు విత్తుదురు. లోయలలో గెడ్డ ప్రక్కన మడులు కట్టి వరి నాటుదురు. వానలు తగ్గిన పిదప వలిసెలు పూచి కొండలు పసుపుపచ్చనై యుండును. కార్తీకము మొదలు మాఘమువరకు కాఫీ పండ్లు కోయుపని సాగును. నీడకై పెంచిన సిల్వరు ఓకు చెట్లకు మిరియపు తీగెలు ప్రాకుచుండును. వాటి కోతయు వెంటనే వచ్చును. అరకు ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎండకాలమున చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, తేనె అడవినుండి తెత్తురు. ఇట్టి సరకులను కొనుటకై 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ నేటికిని పనిచేయుచున్నది. మిగిలిన క్రయవిక్రయములకు వారపు సంతయే ఆధారము. నెత్తిన గంపతో, భుజమున కావడితో తెల్లవారకముందే బయలుదేరి సంతకు నడచుట ప్రతి కుటుంబమునకు అలవాటు.

ఈ పనులలో ప్రతిదానికి దానిదైన అపాయము కలదు. పంట పండు కాలమున అడవిపందులనుండి చేను కాపాడుటకు పురుషులు మంచెపైనో, చేని గుడిసెలోనో రాత్రులు గడపుదురు. ఆ గుడిసెకు తలుపుండదు. దోమతెర ఇంటియొద్దనే యుండిపోవును. వరినాట్ల దినములలో ఒక్కరు పడకేసినను మడి ఎండును గనుక, ఒళ్లు వెచ్చబడినను స్త్రీలు చెప్పక పనికి పోవుదురు. జ్వరము ముదురుటకు ఈ రెండును ప్రధాన కారణములు.

చలిజ్వరము

మలేరియాను మన్యపువారు చలిజ్వరమని అందురు. పూర్వము మైదానపు ఉద్యోగులు ఈ కొండలకు బదిలీయన్నంతనే భయపడుచుండుటకు కారణమీ జ్వరమే. ఇది చెడుగాలివలన కలుగునని లోకమంతయు నమ్మిన కాలమున, తెలుగుదేశముననే ఆ నమ్మకము వీడిపోయెను. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ పరిశోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

పట్టణమువారు దోమయనగానే మురికిగుంటను తలంతురు. మన్యపు దోమ అట్టిది కాదు. ఫ్లూవియాటిలిస్ అను జాతి దోమ కొండవాలున మెల్లగా పారు తేటనీటిలో, గెడ్డ అంచుల గడ్డిలో, ఊటచెలమలలో గ్రుడ్లు పెట్టును. నీరు శుభ్రముగా నున్నది గనుక దోమ యుండదనుకొనుట ఇచ్చట పొరపాటు. ఈ జాతి ఆడుదోమలు మనుష్యరక్తమునే మిక్కిలి కోరును. జనులు గాఢనిద్రలో నున్న వేళ కుట్టును. క్రిములు గల దోమ కుట్టిన పిదప సాధారణముగ 10 మొదలు 15 దినములలో జ్వరము కనబడును.

స్వాతంత్ర్యము వచ్చిన కాలమున దేశమున ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా సోకుచు, 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించిరి. ఇంటింట గోడలపై డి.డి.టి. చల్లుటవలన 1965 నాటికి వ్యాధిగ్రస్తులు సుమారు లక్షకు తగ్గిరి. కాని విజయము నిలువలేదు. దోమలు మందునకు అలవాటుపడెను, పర్యవేక్షణ సడలెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలకు పెరిగెను. క్లోరోక్విన్ మాత్రకు లొంగని ఫాల్సిపారం జాతి క్రిమి 1973లో అస్సాములోని కార్బీ ఆంగ్లాంగ్ కొండలలో మొదట కనబడి, క్రమముగా ఇతర ప్రాంతములకు వ్యాపించెను. మైదానములు చాలవరకు తేరుకొన్న పిదపను తూర్పు కనుమలవంటి అటవీ పర్వతములలో వ్యాధి నిలిచిపోయెను. మందు చల్లువారు చేరలేని పల్లెలు, ఎండని గెడ్డలు, చేలలో నిద్రించు జనులు అందుకు కారణములు.

ఇప్పటి సాధనములు వెనుకటికంటె మేలైనవి. ఆర్టెమిసియా మూలికనుండి తీసిన మందును మరియొక మందుతో కలిపి ఇచ్చు చికిత్స ఫాల్సిపారం జ్వరమును 3 దినములలో అణచును. మందు పూసిన దోమతెర సంవత్సరములపాటు పనిచేయును. 2030 నాటికి దేశమున మలేరియాను నిర్మూలింపవలెనని ప్రభుత్వము 2016లో లక్ష్యము నిర్ణయించుకొన్నది. అయితే సాధనము ఉపయోగించువారి చేతిలోనే సఫలమగును. ఇందుకు ఒక ఉదాహరణము చాలును. గోడకు చల్లిన మందు గోడపైనే యుండి, అచ్చట వాలిన దోమను చంపవలెను. మన్యపు గృహిణులు ఎర్రమట్టితోను పేడతోను గోడలు అలికి ఇంటిని అందముగా నుంచుకొందురు. మందు చల్లిన మరునాడే పండుగ వచ్చినదని గోడ అలికినచో మందు మట్టి క్రింద పడిపోవును. కావున చల్లువారు పండుగల తేదీలను ఊరివారి నడిగి తెలిసికొని ముందుగానే రావలెను. అలుకుపని పూర్తియైన పిదపనే చల్లవలెను. చల్లిన పిదప గృహిణులు రెండు మూడు మాసములు గోడను అలుకక యుండవలెను. అరుగులు, నేల ఎప్పటివలెనే అలుకుకొనవచ్చును.

ఒక్క దినము విలువ

ఫాల్సిపారం జ్వరము మొదటి దినమున మామూలు జ్వరమువలెనే యుండును. చలి, తలనొప్పి, వాంతి, ఒళ్లునొప్పులు దాని లక్షణములు. చిన్న బిడ్డలలోను, గర్భిణులలోను అది ఒకటి రెండు దినములలోనే మెదడునకో, మూత్రపిండములకో సోకి స్పృహ తప్పించగలదు. అందువలన జ్వరము వచ్చిన 24 గంటలలోపల రక్తపరీక్ష జరుగవలెనని నియమము. వ్రేలినుండి ఒక్క రక్తపు చుక్క తీసి పరీక్షపట్టీపై వేసినచో పావుగంట, ఇరువది నిమిషములలో ఫలితము తెలియును. ఇందుకు ఆసుపత్రికి పోనక్కరలేదు. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ పల్లెకొక ఆశా కార్యకర్తను ఏర్పరచినది. ఆమె ఆ ఊరి ఆడపడుచో, కోడలో అయియుండును. పట్టీలు, మాత్రలు ఆమె సంచిలో నుండవలెను.

ఆలస్యము కలుగు తీరు తరచు ఒక్క విధముగనే యుండును. మొదటి దినము నాట్ల పని మిగిలినదని రోగి ఓర్చుకొనును. రెండవ దినము సంత. అచ్చట ఏదో మాత్ర కొని మ్రింగును, జ్వరము కొంత తగ్గినట్లు కనబడును. మూడవ దినము దిసారిని పిలిచి పూజ చేయింతురు. నాలుగవ దినమున రోగి లేవలేడు. అప్పుడు డోలీ కట్టుదురు. ఈ నాలుగు దినములలో ఏ ఒక్కటియు మూర్ఖత్వమువలన పోయినది కాదు. పంట పోయిన తిండి లేదు. దిసారి పిలిచినంతనే వచ్చును, ఆసుపత్రి దూరమున నున్నది. అందుచేత దిసారి మాటను తృణీకరించుటవలన ప్రయోజనము లేదు. పూజ చేయవచ్చునుగాని, అంతకు ముందే రక్తపరీక్ష జరుగవలెను. జ్వరమని తనను పిలిచిన ఇంటివారిని ఆశా కార్యకర్త యొద్దకు ముందుగా పంపు దిసారి ఆ ఊరికి గొప్ప ఉపకారి.

మాత్రలను పూర్తిగా వాడుట రెండవ విధి. వైవాక్స్ అను మరియొక జాతి క్రిమి కాలేయములో దాగియుండి మాసముల పిదప మరల జ్వరము తెప్పించును. దానిని వెడలగొట్టుటకు ప్రైమాక్విన్ మాత్రలను 14 దినములు వాడవలెను. జ్వరము మూడవ దినముననే తగ్గును గనుక తక్కిన మాత్రలు చూరులో మిగిలిపోవుచున్నవి. అట్లు మిగిలిన మాత్రయే మరుసటి జ్వరమునకు బీజము. ఈ మందు వాడునప్పుడు మూత్రము నల్లబడినచో వెంటనే మాని వైద్యునకు తెలుపవలెను. గర్భిణులకును, పసికందులకును దీనిని ఈయరాదు.

ఊటనీరు, పశువులు

కొండ ఊట తేటగా, చల్లగా నుండును. పైవాలున పశువులు మేసినను, మనుష్యులు బహిర్భూమికి పోయినను, తొలివానతో ఆ మలినము ఊటలోనికి దిగును. విరేచనములు వానకాలపు మొదటి వారములలో హెచ్చుటకు ఇదియే కారణము. ఊట చుట్టును గోడ కట్టి, పైన మూత వేసి, గొట్టముద్వారా ఊరిలోనికి నీరు దింపినచో విద్యుత్తు లేకయే మంచినీరు అందును. ఏటవాలే మోటారు పనిచేయును. అంతవరకు త్రాగునీటిని మరగించుట మేలు. బిడ్డకు విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు శుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగ త్రాగించుచు, జింకు మాత్రలను 14 దినములు ఈయవలెను. తల్లిపాలు మాన్పరాదు.

పశువు మన్యపు రైతునకు నాగలియు, నిలువధనమును. ఆకస్మికముగ పశువు చచ్చినచో ఆ నష్టమును కొంతైన పూడ్చుకొనుటకు మాంసము పంచుకొనుట ఆచారము. దొమ్మరోగముతో చచ్చిన పశువు విషయమున ఇది ప్రాణాంతకము. ముక్కునుండియో, ఇతర ద్వారములనుండియో గడ్డకట్టని రక్తము కారుట దాని గుర్తు. అట్టి పశువును కోసినవారి చేతులపై నొప్పిలేని పొక్కు లేచి, నల్లని పెచ్చు కట్టును. మన్యములో ఈ వ్యాధి పలుమార్లు తలయెత్తినది. ఇట్టి కళేబరమును చర్మము ఒలువక, కోయక, సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. పశువైద్యునకు తెలిపి మిగిలిన పశువులకు టీకాలు వేయింపవలెను. పొక్కు కనబడినవారు తొందరగ వచ్చినచో మందులతో సులభముగ నయమగును.

డోలీ

రెండు భుజములు, ఒక వెదురుబొంగు, దానికి కట్టిన దుప్పటి: ఇదియే డోలీ. రహదారి లేని పల్లెనుండి రోగిని దింపుటకు తరతరముల సాధనమిది. మోయువారి సాహసము మెచ్చదగినది. కాని ప్రసవవేదన పడు స్త్రీని గెడ్డలు దాటించి గంటలకొలది మోయవలసి వచ్చుట దేశమునకు గౌరవము కాదు. ప్రసవానంతరము రక్తస్రావము ఆగనిచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. కొండ దిగుటకే అంతకంటె ఎక్కువ కాలము పట్టు పల్లెలు గలవు.

2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములో ప్రారంభమైన 108 వాహనము రోడ్డు చివరవరకు వచ్చును. ఆపైన ఇరుకుదారులలో పోవుటకు ప్రక్కబండి గల మోటారుసైకిళ్లను ప్రవేశపెట్టిరి. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. రోడ్డులు ఇంకను వేయవలసియున్నవి. అది ప్రభుత్వము బాధ్యత. రోడ్డు వచ్చువరకు సులభోపాయ మొకటి కలదు. కాన్పు దినము వచ్చువరకు ఇంటియొద్ద వేచియుండక, వారము పది దినములు ముందుగానే గర్భిణి కొండ దిగి, ఆసుపత్రి దాపున నున్న వసతిగృహములో నుండవలెను. దీనికి స్త్రీలు వెనుదీయుట సహజము. ఇంటియొద్ద పెద్దబిడ్డలను ఎవరు చూతురు? తోడు ఎవరు వత్తురు? అచ్చటివారు తమ భాష మాటలాడుదురా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకిన చోట ఆమె సంతోషముగ వచ్చును. అత్తయో, తల్లియో తోడుండుటకు చోటు, వేడి అన్నము, తన భాషలో పలుకరించు మనిషి, ఈ మూడును వసతిగృహమున మంచముతో సమానమైన అవసరములు.

రక్తములో దాగిన వ్యాధి

కొండజాతులలో తరచు కనబడు సికిల్ సెల్ వ్యాధిని మనదేశమున 1952లో నీలగిరులలో మొదట గుర్తించిరి. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళములకు అడ్డుపడును. కీళ్లనొప్పులు, రక్తహీనత, మాటిమాటికి జ్వరము కలుగును. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఈ లక్షణము వచ్చినవారు సాధారణముగ ఆరోగ్యవంతులే. వారికి ఫాల్సిపారం జ్వరపు తీవ్రతనుండి కొంత రక్షణ సైతము కలదు. మలేరియా ప్రదేశములలో ఈ లక్షణము నిలిచియుండుటకు అదియే కారణము. ఇట్టివారిరువురు దంపతులైనచో ప్రతి కాన్పున బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద 40 ఏండ్లలోపువారికి రక్తపరీక్ష చేసి పత్రము నిచ్చుచున్నారు. వివాహమునకు ముందు ఆ పత్రములను పోల్చిచూచుకొనుట వివేకము. ఇది ఏ వంశమునకును కళంకము కాదు. వ్యాధిగల బిడ్డకు జ్వరము వచ్చినచో మాత్రము గంటయైనను ఆగరాదు.

ఊరు ముందుగా నిర్ణయించుకొనవలసినవి

ఆపద వచ్చిన రాత్రి ఆలోచించుటకు వేళ చాలదు. తొలకరికి ముందే ఊరివారందరు ఒకచోట కూడి ఈ క్రింది విషయములను తేల్చుకొనుట మంచిది.

1. ఆశా కార్యకర్త సంచిలో పరీక్షపట్టీలు, మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఎన్ని యున్నవి? తక్కువైనచో గెడ్డ పొంగకముందే తెప్పించుకొనవలెను.

2. చేను కాయుటకు పోవు ప్రతివాడును దోమతెరను వెంట కొనిపోవుచున్నాడా? ఇంటికి ఒకటి, మంచెకు ఒకటి యుండవలెను.

3. వర్షకాలమున కాన్పు కావలసిన స్త్రీలెవరు? ఒక్కొక్కరు ఏ దినమున కొండ దిగవలెను? ఆమె ఇంటిని, బిడ్డలను చూచువారెవరు?

4. రాత్రివేళ డోలీ మోయుట కెవరు సిద్ధముగ నుందురు? ఏ రాతియొద్దనుండి సెల్ ఫోను మాట అందును? వాహనము ఎచ్చటివరకు రాగలదు?

5. జ్వరముతో పడుకొన్నవాని మడి ఎవరు నాటుదురు?

ఈ చివరి ప్రశ్న వైద్యమునకు సంబంధము లేనిదిగా తోచవచ్చును. కాని రోగి మొదటి దినముననే పరీక్షకు వచ్చుటయు, రాకపోవుటయు చాలవరకు దీనిపైననే ఆధారపడియున్నది. నాట్లకును, కోతలకును ఒకరికొకరు చేయిసాయము చేసికొనుట మన్యపు పల్లెలకు క్రొత్త కాదు. ఆ సాయమును జ్వరపడినవాని చేనికి మొట్టమొదట అందింపవలెను. తన మడి ఎండదని తెలిసినవాడు తన జ్వరమును దాచడు.